మిగిలిన అప్పం

శనివారం మధ్యాహ్నం మణెమ్మ తెల్లచీర ఉతికి, పంచలో కట్టిన తాడు మీద ఆరేసింది. మే నెల ఎండకు చీర ఆరడానికి పావుగంట పట్టదు. అయినా పీట వేసుకుని దాని పక్కనే కూర్చుంది, లేచి లోపలికి పోతే చీర ఎటైనా వెళ్ళిపోతుందేమో అన్నట్టు. ఏడాదిగా పెట్టెలో ఉన్న చీర అది. మడతల దగ్గర పచ్చని గీతలు పడ్డాయి. రెండుసార్లు సబ్బు పెట్టినా పోలేదు.

గుడిలో ప్రభువు బల్ల సంస్కారానికి మాత్రమే కట్టుకునే చీర. బేస్తవారిపేట రోడ్డు దిగి ఆరు కిలోమీటర్లు లోపలికి వస్తే గానీ రాని ఆ పల్లెకు, గిద్దలూరు నుంచి పాస్టరు అయ్యగారు నెలకొక్కసారే వస్తాడు, రెండో ఆదివారం. మిగతా ఆదివారాలు ఉపదేశి ప్రార్థన చేయిస్తాడు, వాక్యం చెప్తాడు. కానీ బల్ల మీద అప్పం, ద్రాక్షారసం ఆశీర్వదించి ఇచ్చే అధికారం అయ్యగారిదే. ఒక రెండో ఆదివారం తప్పిందంటే మళ్ళీ నెల ఆగాలి. మణెమ్మకు పన్నెండు తప్పిపోయాయి. జూన్‌లో అయ్యగారు సంస్కారం తీసుకునేవాళ్ళ పట్టీ తిరగరాస్తాడు. ఏడాదిలో ఒక్కసారైనా బల్ల దగ్గరికి రానివాళ్ళ పేరు కొత్త పట్టీలోకి ఎక్కదు. నిరుడు ఆ పట్టీలో భర్త నిత్యానందం పేరు మీద ఎర్రసిరా గీత పడింది. చచ్చిపోయినవాళ్ళకు పడే గీత అది. బతికుండి తన పేరు లేకుండా పోతే, రేపు తను పోయాక ఏ లెక్కన ఆ గుడిలోకి తెస్తారు, ఏ లెక్కన ఆయన పక్కన పెడతారు అని ఆమె భయం. భయమని తెలుసు గానీ ఆ భయం కూడా ఎవరో పక్కింటివాళ్ళది లాగా ఉండేది.

ఏడాదిగా ఆమెకు అంతా అట్లాగే ఉంది. ఒకసారి మార్కాపురంలో పన్ను పీకించుకున్నప్పుడు దవడకు సూది వేశారు. కొంతసేపు తన పెదవి తనకే తెలియలేదు. చేత్తో పట్టుకుంటే ఎవరి పెదవినో పట్టుకున్నట్టుంది. ఆ రోజు సాయంత్రానికి మత్తు దిగిపోయింది. ఈ మత్తు దిగలేదు.

నిత్యానందం పలకల గనుల్లో ఇరవై ఏళ్ళు పనిచేసి రొమ్ము నిండా ఆ దుమ్ము నింపుకుని ఇంటికి వచ్చాడు. ఆ ఇరవై ఏళ్ళలో ఆయన తెచ్చిన పగిలిన పలకల మీదే మణెమ్మ చదువు నేర్చుకుంది. నేర్పినవాళ్ళు లేరు. గుడిలో నోటికి వచ్చిన ప్రార్థనలను పుస్తకంలో వెతికి, మాట మీద వేలు పెట్టి, ఆ వేలి కింద ఉన్న అక్షరమే ఈ మాట అయి ఉండాలని పోల్చుకుంటూ, పలక మీద దించుకుంటూ నేర్చుకుంది. అందుకే ఆమెకు ప్రార్థన పుస్తకంలోని ఏ మాటైనా వట్టి మాట కాదు. మిగతావాళ్ళు విని మరిచిపోయేవాటిని ఆమె కూడబలుక్కుని చదివింది. కూడబలుక్కున్నది మరుపుకు రాదు.

ఆ పుస్తకంలో ఇప్పటి అయ్యగార్లు గుడిలో చదవని పేజీ ఒకటుంది. బల్ల దగ్గరికి వచ్చేవాడు ఎట్లా ఆయత్తం కావాలో చెప్పే పేజీ. ఆజ్ఞలు ఒక్కొక్కటీ ముందు పెట్టుకుని నీ బతుకు చూసుకో, నువ్వు నొప్పించినవాళ్ళ దగ్గరికి పోయి సరిచేసుకో, నిన్ను నొప్పించినవాళ్ళను క్షమించి వదిలిపెట్టు. ఇవేవీ చేయకుండా చెయ్యి చాపితే అది నీకు మేలు కాదు, కీడు. మణెమ్మకు ఆ పేజీ అంటే బెదురు. ఆ బెదురే నిరుడు ఆమె చేత ఆ పని చేయించింది.

నిరుడు ఇదే మే నెల. నిత్యానందం మంచం మీద ఉన్నాడు. రెండో ఆదివారం గుడికి పోలేకపోయాడని, తర్వాత గురువారం జాకబ్ అయ్యగారు చిన్న నల్లపెట్టె పట్టుకుని ఇంటికే వచ్చాడు. రోగికి ఇంట్లో సంస్కారం ఇచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ళు కూడా కలిసి తీసుకోవడం వాడుక. అయ్యగారు స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, రెండు అప్పాలు పళ్ళెంలో పెట్టి, "నువ్వు గూడా మోకరించమ్మా" అన్నాడు.

"నేను తీసుకోను అయ్యగారూ," అంది మణెమ్మ. "నాకు మా ఆడబిడ్డ హెలెన్‌తో మాటల్లేవు. కడుపులో కోపం పెట్టుకుని ఎట్ల తీసుకునేది?"

అయ్యగారు నిత్యానందం వైపు చూశాడు. నిత్యానందం మంచం మీంచి చెయ్యి లేపాడు. "మణెమ్మా, ఆ డ్రమ్ము..." అన్నాడు. దగ్గు వచ్చింది.

"ఇప్పుడు డ్రమ్ము మాటెందుకు. పండుకో," అంది.

ఆయన ఒక్కడే తీసుకున్నాడు. రెండో అప్పం అయ్యగారే తిన్నాడు. పెళ్ళయిన నలభై మూడేళ్ళలో ఆయన తీసుకున్నప్పుడు ఆమె తీసుకోనిది అదొక్కటే. శనివారం తెల్లారేసరికి ఆయన లేడు.

మణెమ్మకు జీవితమంతా ఎవరు గడప దాటినా బెంగే. కూతుళ్ళు కనిగిరికీ హైదరాబాదుకూ పోయేటప్పుడు బస్సు కదిలాక కూడా కిటికీ పట్టుకుని నాలుగడుగులు నడిచేది. ఎవరైనా చెప్పకుండా పోతే వెనక్కి పిలిపించి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ పంపేది. అట్లాంటి మనిషి, భర్త చివరిసారి తీసుకునేటప్పుడు పక్కన మోకరించమని అయ్యగారు అడిగితే రాను అంది. ఆ రోజు నుంచి ఆమెకు కన్నీరు లేదు. సమాధి దగ్గర కూడా రాలేదు. "మణెమ్మది గట్టి గుండె" అన్నారు.

చీర ఆరింది. మణెమ్మ దాన్ని మడిచి లోపల పెట్టి, పుస్తకం తీసింది. అట్ట ఊడిపోతే చీర అంచు పెట్టి కుట్టిన పుస్తకం. ఆ పేజీ తెరిచి, ఆజ్ఞలు ఒకటొకటిగా తన మీద పెట్టుకుని చూసుకుంది. వేరే దేవుడు లేడు. దొంగతనం, ఒకసారి మిరపచేలో కూలికి పోయి కొంగున పది కాయలు కట్టుకొచ్చింది. అది ఇరవై ఏళ్ళ కిందే ఒప్పుకుంది. పొరుగువాడిది ఆశించడం... హెలెన్ మేకలు బాగుంటాయి, అంతే. ప్రతి ఆజ్ఞ దగ్గరా ఆగి లోపలికి చూసుకుంది. ఎవరూ లేని ఇంట్లోకి కిటికీలోంచి చూసినట్టుంది. ఆఖరికి మిగిలింది హెలెన్ సంగతి.

హెలెన్ నిత్యానందం చెల్లెలు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. నిత్యానందం పోయిన రోజు హెలెన్ వచ్చి మణెమ్మను పట్టుకుని ఏడ్చింది. అప్పటి నుంచి మాటలు కలిశాయి. ఉప్పు అడుగుతారు, కూర ఇచ్చుకుంటారు. కానీ ఆ మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకుండా పోయిందాన్ని సరిచేసుకోవడం అంటారా? ఆ పేజీలో అట్లా లేదు. మణెమ్మ చెప్పులు వేసుకుంది.

హెలెన్ పంచలో కూర్చుని చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. ఒక దవడన వక్కాకు ఉంది.

"ఏంది వదినా, ఎండన పడి తిరిగొచ్చినావు? గోడ మీంచి పిలిస్తే పలకనా నేను?"

"గోడ మీంచి చెప్పే మాట కాదు."

"అయితే ఎవరి పెళ్ళో చెడిపోయింటాది. కూసో, చెప్పు."

మణెమ్మ కూర్చోలేదు. ఇంటి దగ్గర నుంచి నోట్లో అనుకుంటూ వచ్చిన మాటలు, కూర్చుంటే మరిచిపోతానని.

"రేపు సంస్కారం. నిరుడు డ్రమ్ము సంగతిలో నీ మీద కోపం పెట్టుకున్నా. మీయన్న పోయిందాకా పెట్టుకున్నా. నిన్ను తిట్టినా. దానికి క్షమించమని అడిగేదానికి వచ్చినా. నీది తప్పుంటే నేను గూడా క్షమించినా."

సండే స్కూలు పిల్ల కంఠత వాక్యం అప్పజెప్పినట్టు చెప్పి ఆగింది. హెలెన్ చేతిలో సుత్తి ఆగింది.

"నా తప్పేంది అందులో?"

"నీ డ్రమ్ము నా డ్రమ్ముకు ముందు పెట్టినావు గదా."

ఆ ఊళ్ళో ఎండాకాలం రెండు రోజులకొకసారి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. మనిషి నిలబడనక్కర్లేదు. ముందురోజే డ్రమ్ములు వరసలో పెట్టుకుంటారు. డ్రమ్ము ఎక్కడుంటే వంతు అక్కడ. నిరుడు ఒక పొద్దున మణెమ్మ పోయి చూసేసరికి ఆమె నీలం డ్రమ్ము ఒక స్థానం వెనక్కి పోయి ఉంది. దాని ముందు హెలెన్ డ్రమ్ము ఉంది. మణెమ్మ డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి ట్యాంకరు అయిపోయింది. మంచాన పడ్డ మనిషికి ఒళ్ళు తుడవడానికి కూడా ఆ రోజు నీళ్ళు లేవు. ఆమె వీధిలో నిలబడి హెలెన్‌ను అనరాని మాటలు అంది. హెలెన్ ఒక్క మాట తిరిగి అనలేదు. తప్పు చేసింది కాబట్టే నోరు లేవలేదు అనుకుంది మణెమ్మ.

"నేను పెట్టలా వదినా," అంది హెలెన్.

"ఇప్పుడు అబద్ధమెందుకు హెలెనూ. క్షమించినా అంటాండా గదా."

"ఓ తల్లీ. నువ్వు క్షమించినా నేను పెట్టలా. అన్న పెట్టినాడు."

మణెమ్మ గోడకు చెయ్యి ఆనించింది.

"ఆ పొద్దు నా మేక ఈనింది," అంది హెలెన్. "ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. అన్న దగ్గుకుంటా లేచి బయటికి వచ్చినాడు, నన్ను చూసినాడు. 'నీది ముందుకు పెట్టుకో అమ్మాయ్' అని ఆయనే నీ డ్రమ్ము వెనక్కి దొర్లించినాడు. వద్దన్నా, వదిన చంపుతాది అన్నా. 'మీ వదినకు నేను చెప్తాలే' అన్నాడు. చెప్పలా?"

"చెప్పలేదు."

"భయపడింటాడు. నలభై ఏళ్ళు కాపురం చేసినోడు, నీ సంగతి తెలీదా ఏంది." హెలెన్ నవ్వబోయి, వదిన మొహం చూసి మానుకుంది. "నువ్వు వీధిలో నన్ను అట్ల తిడతాంటే నాకు నోటి దాకా వచ్చింది. చెప్తే పోయి రోగిష్టోడితో కొట్లాడతావని మింగినా. పోనీలే, బాగైనాక ఆయనే చెప్పుకుంటాడు అనుకుంటి."

ఆ డ్రమ్ము, అన్నాడు. దగ్గు వచ్చింది. పండుకో, అంది తను. అప్పం పెదవి దాకా రాకముందే ఆయన సరిచేసుకోవాలనుకున్నది అదన్నమాట. మణెమ్మకు అంతా అర్థమైంది. పలక మీద కొత్త అక్షరం పోల్చుకున్నంత స్పష్టంగా అర్థమైంది. ఇప్పుడు కోపం రావాలి, లేకపోతే ఏడుపు రావాలి. నిలబడి రెండింటి కోసం చూసింది. ఏదీ రాలేదు. చింతపండు మీద ఈగ ఒకటి తిరుగుతోంది.

"నువ్వు క్షమించినావా లేదా, అది చెప్పు," అంది.

"దేన్ని?"

"తిట్టిన దాన్ని."

"చానా తిట్టినావు వదినా. అన్నీ కలిపి ఒకేసారి క్షమిస్తే చాలునా, ఒక్కొక్కటీ పేరు పెట్టాల్నా?"

"కలిపి చాలు."

"అయితే క్షమించినా. నవ్వు ఇంక."

"వస్తే నవ్వనా."

హెలెన్ లేచి, చింతపండు చెయ్యి చీరకు తుడుచుకుని, ఆమె భుజం పట్టుకుని గడప దాకా వచ్చింది.

సాయంత్రం ఆరింటికి గుడి గంట కొట్టారు. రేపు బల్ల దగ్గరికి రాదలచినవాళ్ళకు శనివారం ఆయత్త ప్రార్థన ఉంటుంది. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ ఉపదేశి దగ్గరికి పోయి పేరు ఇవ్వాలి. అయ్యగారు ఆదివారం మూడు ఊళ్ళు తిరగాలి, డబ్బాలోని అప్పాలు మూడు ఊళ్ళకూ రావాలి. ఉపదేశి పుస్తకంలో ఎన్ని పేర్లుంటే పళ్ళెంలో అన్ని పెడతాడు. పేరివ్వనివాడు రేపు ఎంత ఏడ్చినా అతనికి అప్పం ఉండదు. తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి.

ఉపదేశి శ్యాంసన్ ఈస్టరు తర్వాత కురిచేడు నుంచి కొత్తగా వచ్చినవాడు. ఊరివాళ్ళ పేర్లు ఇంకా పట్టుబడలేదు. పొడుగు నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, తలెత్తకుండా రాసుకుంటున్నాడు. ఆడవాళ్ళ వరసలో మణెమ్మ వెనక దయామణి నిలబడింది.

"మణెమ్మక్కా, వచ్చినావా," అంది దయామణి మెల్లగా. "మంచి పని చేసినావు."

మణెమ్మ తలూపింది. ఆమె మనసు ఇంకా నీలం డ్రమ్ము దగ్గరే ఉంది. దగ్గుకుంటూ, వంగి, నడుం పట్టుకుని డ్రమ్మును దొర్లిస్తున్న మనిషి దగ్గర. ఖాళీ డ్రమ్మే. అయినా ఆ రోజుల్లో ఆయనకు చెంబు ఎత్తడమే కష్టం.

"పేరు అవ్వా?" అన్నాడు శ్యాంసన్.

పెళ్ళైన మొదటి నెల నుంచి పేర్లు ఇచ్చేది ఆమే. నిత్యానందం గని నుంచి చీకటిపడ్డాక గానీ వచ్చేవాడు కాదు. ఎందరు ఉపదేశులు మారినా, ఆ ప్రశ్నకు ఆమె నోటి నుంచి ఒక్కటే జవాబు. ఇంట్లో దీపం పెట్టినంత మామూలుగా వచ్చే జవాబు.

"నిత్యానందం, మణెమ్మ."

శ్యాంసన్ రెండూ రాసుకున్నాడు. దయామణి నోరు తెరిచింది. మణెమ్మ వీపు కేసి చూసి, మళ్ళీ మూసుకుంది. తన పేరు చెప్పి పక్కకు జరిగింది. తాను ఏమన్నదీ మణెమ్మకు తెలియదు. చెప్పులు వెతుక్కుని ఇంటికి వచ్చి, రెండు ముద్దలు తిని, గిన్నెలు బోర్లించింది. ఇక రేపు సంస్కారం అయ్యి ఇల్లు చేరేదాకా నోట్లో ఏదీ పడకూడదు.

ఆదివారం ఏడు గంటలకు అయ్యగారి మోటారుసైకిలు గుడి ముందు ఆగింది. జాకబ్ అయ్యగారికి యాభై దాటాయి. సంచి దించుకుని, తెల్లటి అంగీ దులిపి తొడుక్కుంటుంటే గుడి వెనక తలుపు దగ్గర మణెమ్మ కనిపించింది. తెల్లచీర, తల మీద కొంగు, చేతిలో పుస్తకం.

"రామ్మా. ఇన్నాళ్ళకు."

"అయ్యగారూ, ఒక మాట అడిగి పోతా. లోపలికి రావచ్చో లేదో మీరే చెప్పండి."

"అడుగు."

"హెలెన్‌తో సరిచేసుకున్నా. ఆజ్ఞలన్నీ చూసుకున్నా. పుస్తకంలో చెప్పినట్టు అన్నీ చేసినా. కానీ నాకు ఏం అనిపించడం లేదు. పాపానికి దుఃఖపడాలని ఉంది గదా, దుఃఖం రావడం లేదు. ఆయన పోయినప్పటి నుంచి ఇట్లనే. రాయి మాదిరి పోయి చెయ్యి చాపితే తప్పు గాదా?"

అయ్యగారు అంగీ గుండీ పెట్టుకుంటూ ఆగాడు. ఏదో పెద్ద మాట చెప్తాడని మణెమ్మ చూసింది.

"ఆకలిగా ఉందా?" అన్నాడు.

"ఏమి?"

"రాత్రి నుంచి ఏం తినలేదు గదా. నాకైతే ఉంది. మూడు ఊళ్ళు అయిందాకా నాకు గూడా కాఫీ లేదు. నీకుందా?"

మణెమ్మ కడుపు కేసి చూసుకుంది. "అదీ తెలీడం లేదు అయ్యగారూ."

"సరే," అన్నాడాయన. "తెలిసినోళ్ళే రావాలని రాసి లేదు. లోపల కూసో పో."

ఆమెకు అది జవాబు అనిపించలేదు. అయినా పోయి, ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుంది.

ఆరాధన మొదలైంది. పాపాలు ఒప్పుకునే చోట అందరూ మోకరించారు. నలభై గొంతులు కలిసి ఒక్క గొంతు అయ్యే చోటు అది. మణెమ్మ పెదవులు కదిపింది. మాటలు ఒక్కటీ తప్పలేదు. తన గొంతు ఎవరిదో లాగా చెవికి వినిపించింది. పక్కన దయామణి ముక్కు చీదుకుంటోంది. ఆమెకు ప్రతి నెలా వస్తుంది ఏడుపు.

మొదట మగవాళ్ళు వెళ్ళి వచ్చారు. తర్వాత ఆడవాళ్ళు లేచారు. మణెమ్మ హెలెన్ పక్కన మోకరించింది. కుడి అరచేతి కింద ఎడమ చెయ్యి పెట్టి చాపింది. కాగితమంత పల్చటి అప్పం అరచేతిలో పడింది. నోట్లో పెట్టుకుంది. గిన్నె అంచు పెదవికి తగిలింది, చల్లగా. ద్రాక్షారసం తీపి, కొంచెం వగరు. మింగింది. లేచింది. చాప మీదికి వచ్చి కూర్చుని తన లోపల చెవి పెట్టి వింది. పలుకూ లేదు, చప్పుడూ లేదు. ఆయత్తమంతా చేసి వచ్చి తలుపు తడితే లోపల ఎవరూ లేనట్టుంది.

అయిపోయింది, అనుకుంది. కీడో మేలో, అయిపోయింది.

కానీ బల్ల దగ్గర అయ్యగారు కదలలేదు. గిన్నెలో చివర మిగిలింది తాగి, తుడిచాడు. పళ్ళెం వైపు చూశాడు. పళ్ళెంలో ఒక అప్పం మిగిలి ఉంది. అంగీ జేబులోంచి పేర్ల కాగితం తీసి చూశాడు. శ్యాంసన్‌ను కళ్ళతో పిలిచాడు. శ్యాంసన్ వచ్చి కాగితం మీద వేలు పెట్టి ఏదో చెప్పి, ఆడవాళ్ళ వైపు, సరిగ్గా మణెమ్మ వైపు చూశాడు.

అప్పుడు ఆమె చెవిలో నిన్నటి మాట మోగింది. తన గొంతే. రెండు పేర్లు, ఎప్పటి వరసలోనే.

వెనకాల ఒక చంటిపిల్ల ఏడుస్తుంటే తల్లి బయటికి తీసుకుపోయింది. కాగితం మీద ఉన్నది ఎవరి పేరో అయ్యగారికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ మనిషిని మట్టిలో దించినవాడు ఆయనే. పళ్ళెం చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు. బల్ల మీద ఆశీర్వదించింది మిగిలితే గుడి దాటి పోకూడదు, డబ్బాలోకి తిరిగి పోకూడదు. అయ్యగారే తినాలి, లేకపోతే ఉన్నవాళ్ళలో ఒకరిని పిలిచి పెట్టాలి.

"మణెమ్మమ్మా, ఇట్ల రా."

ఆమె లేవబోయింది. దయామణి మోచెయ్యి పట్టుకుని లేపింది. బల్ల ముందున్న కమ్మీ దగ్గరికి పోయి, ఆయనకు మాత్రమే వినపడేట్టు అంది, "పొరపాటైంది అయ్యగారూ. నోటికి వచ్చేసింది. మతి లేదు నాకు."

"మోకరించు."

"నాది అయిపోయింది గదా."

"నీది అయిపోయింది. ఇది నిరుడు నువ్వు వద్దన్నది."

ఆజ్ఞలు చూసుకోలేదు. ఎవరితో సరిచేసుకోవాలో ఆలోచించలేదు. పేజీ గుర్తు రాలేదు. ఆయత్తం కావడానికి ఎవరూ ఆమెకు శనివారం ఇవ్వలేదు. చేతులు వాటంతట అవే ఒకదాని మీద ఒకటి చేరి ముందుకు వచ్చాయి. అప్పం పడింది.

గిన్నె ఖాళీ అయిపోయింది కాబట్టి తడి చేసుకోవడానికి ఏమీ లేదు. అప్పం పొడిగా అంగిలికి అతుక్కుంది. నాలుకతో కదిపినా రాలేదు. ఆశీర్వాదం పలికారు, పాట పాడారు. మణెమ్మ నోరు తెరవలేదు. తెరిస్తే అది ఊడి పడుతుందేమోనని భయం.

గుడి నుంచి బయటికి వస్తే ఆడవాళ్ళు దారి ఇచ్చారు. అయ్యగారి మోటారుసైకిలు రెండో ఊరికి బయల్దేరింది. హెలెన్ వచ్చి పక్కన నడిచింది. బల్ల దగ్గర నుంచి ఇల్లు చేరి ఏదైనా తిని ఎంగిలిపడేదాకా ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అది నిత్యానందం నాయన పెట్టిన అలవాటు. హెలెన్ పుట్టింటి అలవాటు కూడా అదే. ఇద్దరూ వేడెక్కిన సిమెంటు రోడ్డు మీద మాట లేకుండా నడిచారు. చేతిపంపు దాటారు. సమాధుల మలుపు దగ్గర మణెమ్మ ఆగలేదు గానీ అడుగు నెమ్మదించింది. హెలెన్ కూడా నెమ్మదించింది.

ఇంటి మెట్టు మీద మణెమ్మ కూర్చుంది. అంగిలి మీద అప్పం ఇంకా ఉంది. అంచులు మెత్తబడుతున్నాయి.

దూరంగా ట్యాంకరు హారన్ వినిపించింది. హెలెన్ చెప్పులు విడవబోయి ఆగి, నోరు తెరవకుండానే వీధి చివర ఉన్న డ్రమ్ముల వైపు చెయ్యి చూపించి, నీది కూడా పట్టించనా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. మణెమ్మ తలూపింది. హెలెన్ పోయింది. వీధిలో పైపు కోసం కేకలు, డ్రమ్ములు దొర్లించే చప్పుడు, ఎవరో ఎవరినో తిట్టడం వినిపించాయి. నీళ్ళు డ్రమ్ములో పడుతున్న మోత మొదట బోలుగా, తర్వాత నిండుగా వచ్చింది.

అప్పం ఎప్పుడు కరిగిపోయిందో ఆమెకు తెలియలేదు. నాలుక అంగిలంతా వెతికింది. ఏమీ లేదు. వెతికిన చోట ఉమ్మి ఊరింది. ఆ తర్వాత ఆమె కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. నొప్పేమో అనుకుని చెయ్యి పెట్టుకుంది. నొప్పి కాదు. కొంచెంసేపటికి గానీ అదేమిటో పోల్చుకోలేకపోయింది, అంత కాలమైంది దాన్ని చూసి.

హెలెన్ బిందె చంకన పెట్టుకుని, చీర కుచ్చెళ్ళు తడిసి, వీధి మలుపు తిరిగింది. ఎంగిలిపడకుండా మాట్లాడకూడదు. మణెమ్మ ఆగలేకపోయింది.

"హెలెనూ," అంది. "మీ ఇంట్లో సంగటి ఉందా?"